కూర్చుంటేనే పాసు

1949 ఏప్రిల్‌లో నన్ను కోదాడ మిడిల్ స్కూలు నుంచి సూర్యాపేటకు డ్యూటీ మీద పంపారు. హోదా పేరు ఇంగ్లీషు ఇన్‌స్ట్రక్టరు. పేరు పొడుగైంది కానీ మరేమీ పెరగలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడుల్లో అంతవరకూ ఉర్దూలో పాఠాలు చెబుతూ వచ్చిన ఉపాధ్యాయులకు ఎండాకాలం సెలవుల్లో ఇంగ్లీషు నేర్పడం నా పని. నిజాం సర్కారు పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నిన్నటిదాకా ఉర్దూ రానివాణ్ణి కచేరీలో మనిషిగా చూసేవారు కాదు. ఇప్పుడు ఇంగ్లీషు రానివాణ్ణి చూడరట. తెలుగు ఒక్కటే వచ్చినవాడు రెండు సర్కార్లలోనూ గుమ్మం బయటే ఉన్నాడు. నాకు ఇంగ్లీషు రావడంలో నా గొప్పేమీ లేదు. మా మేనమామ బెజవాడలో కాపురం ఉండేవాడు, నేను ఆయన ఇంట్లో ఉండి చదువుకున్నాను, అంతే.

పాత హోదాలు ఇంకా జనం నోళ్లలో నలుగుతూనే ఉన్నాయి. ఉపాధ్యాయుణ్ణి ముదర్రిస్ అనేవారు. బడికి పెద్ద అయితే సదర్ ముదర్రిస్. వీళ్లందరి నెత్తిన జిల్లాకు ఒక మొహతమీం ఉండేవాడు, అంటే బడుల తనిఖీ అధికారి. మొహతమీం గదిలో ఉంటే ముదర్రిస్ చేతులు కట్టుకుని నిలబడాలి. కూర్చోమని ఆయన అంటే రెండుసార్లు వద్దనాలి, మూడోసారి బల్ల అంచున ఆనీ ఆననట్టు కూర్చోవాలి. ఆయన అనకపోతే సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. పుస్తకంలో ఉన్న రూళ్లను పట్టించుకున్నవాణ్ణి నేను చూడలేదు గానీ, ఈ లేని రూలును మాత్రం అందరూ తల్లిపాలతో తాగినట్టు పాటించేవారు.

శిక్షణ మీద పెత్తనానికి మద్రాసు వైపు నుంచి ఒక ప్రత్యేకాధికారి దిగాడు. ముప్పై దాటి ఉండవు. తెలుగువాడే, కానీ తెలుగు మాట్లాడితే నాలుకకు మైల అంటుతుందన్నట్టు ఉండేవాడు. ఎండలో టోపీ పెట్టుకోవడం సరే, నీడలోకి వచ్చినా తీసేవాడు కాదు. ఆయన వెంట ఒక పద్ధతి కూడా దిగింది. తరగతిలో తెలుగు ముక్క గానీ ఉర్దూ ముక్క గానీ వినపడకూడదు. ప్రతి ఇంగ్లీషు వాక్యాన్నీ ఆ పని చేస్తూ పలకాలి. పని చెయ్యకుండా వాక్యం పలకడం నిషిద్ధం. ఈ విధంగా అయితే ఎంత మొద్దుబుర్రలోకైనా భాష ఎక్కుతుందని ఆయన మొదటిరోజు మా అందరినీ ఎదుట పెట్టుకుని ఇంగ్లీషులో సెలవిచ్చాడు. విన్నవాళ్లకు ఇంగ్లీషు రాదు కనక ఎవరికీ కోపం రాలేదు.

మొదటి పాఠం సింపుల్ ప్రెజెంట్ టెన్స్. చివరి పరీక్ష కూడా అందులోనే. చూడటానికి అది సులువైన పాఠం. రోజూ చేసే పనికి, అలవాటుకు, ఎప్పుడూ నిజమయ్యే సంగతికి ఆ కాలం వాడతారు. 'ఐ గో టు స్కూల్' అంటే ఇప్పుడు వెళ్తున్నానని కాదు, రోజూ వెళ్లేవాణ్ణని. హీ, షీ, ఇట్ వచ్చినచోట క్రియకు చివర ఒక ఎస్ తగిలించాలి. మనవాళ్లకు చిక్కు ఎక్కడంటే, మన 'వెళ్తాను' రోజూ వెళ్లడానికీ పనికొస్తుంది, రేపు వెళ్లడానికీ పనికొస్తుంది. ఆ తేడాను తెలుగులో నాలుగు ముక్కల్లో చెబితే ఒక పూటలో పట్టుకుంటారు. తెలుగు నిషిద్ధం కనక మేము వారం పైన గంతులు వేశాం.

గంతులు అన్నది మాటవరసకు కాదు. 'ఐ వాష్ మై ఫేస్' అంటూ మనవలున్న పెద్దమనుషులు నీళ్లు లేని చేతులతో మొహాలు రుద్దుకున్నారు. 'ఐ ఈట్ రైస్' అంటూ గాలి మింగారు. 'ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్' వచ్చినప్పుడు సూర్యుడెవరన్న సమస్య వచ్చింది. సూర్యాపేట డ్రిల్లు మాస్టరు బల్ల వెనక నుంచి నెమ్మదిగా లేచి ఆ సమస్య తీర్చాడు. 'ది కౌ గివ్స్ మిల్క్' దగ్గర మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. ఆ వాక్యాన్ని దాటవేయమని అధికారి నాకు చీటీ రాసి పంపాడు. రోజూ జరిగే పనిని చెప్పే కాలాన్ని, ఇప్పుడే జరుగుతున్నట్టు నటిస్తూ నేర్పడం ఏమిటని నేను ఒకసారి అడిగాను. పద్ధతి మీద నాకు భక్తి తక్కువని ఆయన తేల్చేశాడు.

ఆ తరగతిలో మిర్యాలగూడ సదర్ ముదర్రిస్ రామనర్సయ్య పంతులు ఉన్నాడు. వేములపల్లి మనిషి. యాభై దాటాయి. ఫార్సీ, ఉర్దూ, లెక్కలు గట్టిగా వచ్చు, బెత్తం అంతకన్నా గట్టిగా వచ్చు. ఆయన బడికి వచ్చిన తండ్రులు కూడా వాకిట్లో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడేవారు. మొహతమీం ముందు తను నిలబడ్డ బాకీ అంతా ఊరిమీద వసూలు చేసుకునేవాడన్నమాట. ఆయన్ని మంచివాడని నేను చెప్పను. కానీ తరగతిలో కాస్త ఆలోచించినవాడు ఆయనొక్కడే. 'ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్' అన్న వాక్యం రోజున లేచి నన్ను అడిగాడు.

"సారూ, నేను రోజు పొద్దుగాల్ల ఐదింటికి లేస్త. లేస్తనని సెప్పెటందుకు ఇప్పుడు గీడ పండుకోని లెవ్వాల్నా?"

వెనక నిలబడ్డ అధికారికి ప్రశ్న అర్థమైంది. తెలుగులో అడిగినందుకు మందలించి ఊరుకున్నాడు. పంతులు పడుకోలేదు. పడుకోలేదు కనక వాక్యమూ పలకలేదు.

శేషగిరికి ఇలాంటి ప్రశ్నలు పుట్టేవి కావు. శేషగిరి నాతోపాటు కోదాడ బడిలో సహాయోపాధ్యాయుడు. చిన్నప్పుడు మిర్యాలగూడలో రామనర్సయ్య పంతులు దగ్గరే చదివాడు. చదివాడనడం కన్నా దెబ్బలు తిన్నాడనడం సబబు. పెద్దయ్యాక పౌరాణిక నాటకాల్లో చిన్నాచితకా వేషాలు వేసేవాడు. మా పద్ధతి అతని కోసమే పుట్టినట్టుంది. 'ఐ ఓపెన్ ది డోర్' అంటూ అతను లేని తలుపు తీస్తే గాలి కొట్టినట్టే ఉండేది. ఓపెన్ అంటే ఏమిటని ఒకరోజు బయట అడిగాను. చేతులతో తీసి చూపించాడు. తెలుగులో చెప్పమంటే నవ్వాడు.

ఇదంతా నవ్వుకుని వదిలేసే సంగతే అయ్యేది, ఉత్తర్వు రాకపోతే. శిక్షణ సగంలో ఉండగా వచ్చింది. పరీక్ష పాసైనవాళ్లే ఇక మీదట బడికి పెద్దలుగా ఉంటారు. తప్పినవాళ్లు దిగి, పాసైనవాళ్ల కింద సహాయకులుగా పనిచేయాలి. మిర్యాలగూడకు శేషగిరిని అనుకుంటున్నారని కచేరీ గుమాస్తాల ద్వారా బయటికి పొక్కింది. పంతులు చెవిన కూడా పడింది. ఆ సాయంత్రం నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడటం మానేసి, వరండాలో ఒక మూల నిలబడి వాక్యాలు వల్లెవేయడం మొదలుపెట్టాడు. చదువు విషయంలో మొండివాడు. నేను అడిగి చూశాను, ఎస్ ఎక్కడ రావాలో ఎక్కడ రాకూడదో ఒక్కచోట కూడా తప్పలేదు.

పరీక్ష రోజున అధికారి గది మధ్యలో చేతుల కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు ఎదురుగా ఇంకో కుర్చీ వేయించాడు. అభ్యర్థి లోపలికి వచ్చి, నడిచి, కుర్చీలో కూర్చుని, పుస్తకం తెరిచి, ప్రతి పనీ చేస్తూ వాక్యం పలకాలి. ఎవరూ ఏమీ చెప్పకూడదు, అందించకూడదు. నేను పక్కన నిలబడి మార్కుల కాగితం పట్టుకున్నాను.

శేషగిరి దర్బారులోకి వచ్చినట్టు వచ్చాడు. 'ఐ సిట్ ఆన్ ది చైర్' అని కాలు మీద కాలు వేసుకుని మరీ కూర్చున్నాడు. కూర్చోవడంలో అంత ఆత్మవిశ్వాసం ఉన్నవాడికి భాష వచ్చేసినట్టేనని అధికారి ముచ్చటపడి పూర్తి మార్కులు వేశాడు. మిగతావాళ్లలో కొందరు తడబడుతూ, కొందరు కళ్లు మూసుకుని మందు మింగినట్టు కూర్చుని గట్టెక్కారు.

రామనర్సయ్య పంతులు తలపాగా సర్దుకుని వచ్చాడు. 'ఐ ఎంటర్ ది రూమ్' అన్నాడు. గొంతు ఖణేల్మంది. 'ఐ వాక్ టు ది చైర్' అన్నాడు, కుర్చీదాకా నడిచాడు. అక్కడ ఆగిపోయాడు. ఎదురుగా అధికారి. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి, తల వంగింది. అధికారి చూస్తున్నాడు, నేను చూస్తున్నాను. పంతులు ఒక అడుగు వెనక్కి వేశాడు. అది మర్యాద. అధికారి దాన్ని భయం అనుకున్నాడు, వాక్యం మరిచిపోయాడనుకున్నాడు. 'గో ఆన్' అన్నాడు. గో ఆన్ అంటే కూర్చోమని కాదు. పంతులు కదల్లేదు. కాసేపటికి అధికారి నా చేతిలోంచి కాగితం తీసుకుని అడ్డంగా ఒక గీత గీశాడు.

బయట వేపచెట్టు కింద పంతులును పట్టుకుని, నోటికి వచ్చిన వాక్యాన్ని నిలబడైనా ఎందుకు పలకలేదని అడిగాను. ఆయన నన్ను అజ్ఞానిని చూసినట్టు చూశాడు.

"సెయ్యకుండ సెప్పొద్దని హుకుం ఇచ్చింది ఆయననే గద. అఫ్సరు కూసున్న కాడ ఆయన అననిది నేనెట్ల కూసుంట? కూసోకుంట కూసుంటనంటె అబద్ధమైతది."

ఒకరి మర్యాద ఇంకొకరి పద్ధతి ఎదురెదురుగా వచ్చి ఇరుకు సందులో ఎడ్లబండ్లలా ఆగిపోయాయి. వెనక్కి తీయడానికి ఇద్దరికీ ఇష్టం లేదు. నాకు ఒళ్లు మండింది. ఎవరిమీద అని అడిగితే ఇద్దరిమీదా అంటాను. అయితే ఒకరి చేతిలో మాత్రమే కలం ఉంది కనక ఆయన దగ్గరికే వెళ్లాను.

అధికారి హెడ్‌మాస్టరు గదిలో ఒక్కడే ఉన్నాడు. పంతులుకు వాక్యం వచ్చనీ, మా వైపు అధికారి ముందు కూర్చునే అలవాటు లేదనీ, ఒక్కసారి కూర్చోమంటే చాలుననీ చెప్పాను. అలా అంటే అది ఆజ్ఞార్థకం అవుతుంది, ప్రెజెంట్ టెన్స్ కాదన్నాడు. తర్వాత అసలు ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఈ పాత గులాంగిరీ వదిలించడానికే ప్రభుత్వం తనను ఇక్కడికి పంపిందట. అధికారి ముందు దర్జాగా కూర్చోలేనివాడు స్వతంత్ర దేశంలో పిల్లలకు ఏం నేర్పుతాడట. మాటలు బాగున్నాయి. వినడానికి వీలుగా ఉంటుందని నేను ఆయన ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఉపన్యాసం ఆగిపోయింది. ఆయన మొహం జేవురించింది. అంతదాకా దాచుకున్న తెలుగు అప్పుడు బయటికొచ్చింది.

"మిమ్మల్ని కూర్చోమని ఎవరన్నారు?"

"ఐ సిట్ ఆన్ ది చైర్, సార్" అన్నాను.

నేను లేవలేదు. ఆ ధైర్యం నాకు ఎక్కడిదంటే, ఊళ్లో మా నాన్నకు పొలం ఉంది, ఉద్యోగం పోతే పస్తు ఉండనని తెలుసు. అదేమంత వీరత్వం కాదు. దాని ఫలితం ఆయన నా మీద పైకి రాసిన రహస్య నివేదికలో ఎక్కిందని తర్వాత విన్నాను. అది ఎక్కనివ్వండి. పద్ధతి ఈ ప్రాంతంలో నడిచిందా లేదా అని ఇన్‌స్ట్రక్టరుగా నేను విడిగా ఒక నివేదిక పంపాలి. ఆ సంగతి నేను మర్యాదగా గుర్తుచేశాను. తరగతి మొత్తంలో తప్పింది పంతులొక్కడే కనక, ఆ ఒక్కడూ పాసైతే పద్ధతికి మచ్చ ఉండదని కూడా అన్నాను. పంతులు మీద లేని జాలి ఆయనకు పద్ధతి మీద బోలెడు ఉంది. వచ్చే వారం మిర్యాలగూడ బడి రికార్డుల తనిఖీకి వెళ్తున్నానని, అక్కడ మళ్లీ పరీక్షిస్తానని అన్నాడు. కూర్చోమని మాత్రం తను ఈసారి కూడా అననన్నాడు.

మరునాడు మిర్యాలగూడ బస్సెక్కి, వేములపల్లిలో దిగి పంతులు ఇంటికి వెళ్లాను. సంగతి చెప్పాను. కూర్చుని వాక్యం పలికితే చాలు, హోదా నిలుస్తుందన్నాను. ఆయన ముక్కుపొడుం పీల్చి, చెయ్యి దులుపుకుని, తలుపు వైపు ఒకసారి చూసుకున్నాడు.

"నౌకరి కోసం కూసుంటననుకో. సెలవులైనా పోరగాండ్లు బడికాడనే ఆడుతుంటరు. నేను అఫ్సరు ముందల కూసున్నది వాండ్లు సూస్తే రేపు వాండ్లు నా ముందల కూసోరా? ఇగ నన్నెవడు లెక్కజేస్తడు?"

ఆయన అడ్డంకి అధికారి మీద గౌరవం అని నేను అంతదాకా పొరబడ్డాను. అది కాదు. కింది మెట్టువాడు నిలబడితేనే పై మెట్టుకు విలువ, ఆ నిచ్చెనలో తన మెట్టు పోతుందని ఆయన దిగులు. నాకు ఆయన మీద ఉన్న కాస్త సానుభూతి కూడా అక్కడే తగ్గింది. సరే, కూర్చోకండి, శేషగిరి వస్తాడు, రోజూ అతని ముందు నిలబడండి అన్నాను. అన్నది కటువే. ఆయన మొహం నల్లబడింది.

"శేషగాని ముందల నిలవడాల్నా? వాని ఈపు మీద నా బెత్తం వాత ఇంక ఉంటది." గొంతు తగ్గించి అడిగాడు. "కిటికీలు మూసుకోవచ్చునా?"

మూసుకోవచ్చన్నాను.

మే నెల మిర్యాలగూడ ఎండ ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ ఎండలో, మిట్టమధ్యాహ్నం, బడిలో ఒక గదికి తలుపులు, కిటికీలు అన్నీ బిగించారు. అధికారి వచ్చీ రాగానే సదర్ ముదర్రిస్ కుర్చీలో కూలబడ్డాడు. పంతులుకు ఒక స్టూలు వేశారు. కిటికీలు ఎందుకు మూశారని అధికారి అడిగితే, వడగాలికి కాగితాలు ఎగురుతాయని పంతులు నా చేత చెప్పించాడు. గదిలో కాగితం ఒక్కటే ఉంది, అది నా చేతిలో ఉంది. అధికారి టోపీ తీయడం నేను ఆ రోజే చూశాను.

పంతులు లోపలికి వచ్చాడు, వచ్చానన్నాడు. నడిచాడు, నడిచానన్నాడు. స్టూలు దగ్గర ఆగాడు. తల తిప్పి ఒక్కో కిటికీ గొళ్లెం వరసగా చూసుకున్నాడు. ఆ తర్వాత రెండు చేతులతో పంచె కుచ్చిళ్లు పట్టుకుని, చన్నీళ్లలో దిగినట్టు దిగి కూర్చున్నాడు. 'ఐ సిట్ ఆన్ ది స్టూల్' అన్నాడు. చైర్ అని వల్లెవేసినవాడు, ఎదురుగా ఉన్నది స్టూలు కనక మాట మార్చి చెప్పాడు. ఆ మార్పు శేషగిరికి జన్మలో తట్టదు. అధికారి అది గమనించలేదు. కూర్చున్నాడు కనక పాసు చేశాడు. గులాంగిరీ వదిలిందని సంతోషించి, చెమట తుడుచుకుంటూ తలుపు తీయించాడు. తలుపు తెరుచుకునే చప్పుడుకే పంతులు లేచి నిలబడి చేతులు కట్టేసుకున్నాడు.

పద్ధతి నూటికి నూరుపాళ్లూ నెగ్గిందని అధికారి పైకి రాశాడు. పంతులు హోదా నిలిచింది. శేషగిరికి ఇంకో బడి దొరికింది, అలాంటివాళ్లకు ఎప్పుడూ దొరుకుతుంది.

వానాకాలంలో, బడులు తెరిచాక, పాఠాలు ఎలా సాగుతున్నాయో చూసి రమ్మని నన్నే మిర్యాలగూడ పంపారు. వరండాలోకి రాగానే ఇంగ్లీషు వినపడింది. పంతులు తన కుర్చీలో కూర్చుని, బెత్తం మోకాళ్ల మీద పెట్టుకుని సింపుల్ ప్రెజెంట్ టెన్స్ చెబుతున్నాడు. పిల్లలందరూ నిలబడి ఉన్నారు. నేర్చుకోవడానికి వచ్చిన ఇద్దరు సహాయోపాధ్యాయులు కూడా గోడవారగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఎక్కడా ఒక్క తెలుగు ముక్క లేదు. ప్రతి వాక్యాన్నీ చేసి చూపిస్తున్నారు.

'ఐ సిట్ ఆన్ ది చైర్' అన్నాడు పంతులు. 'యు సిట్ ఆన్ ది చైర్' అని తరగతి అరిచింది. 'యు స్టాండ్' అన్నాడు. 'వుయ్ స్టాండ్' అని అరిచారు. ఇక హీ వాడే వంతు వచ్చింది. పంతులు చుట్టూ చూశాడు. గుమ్మంలో నేను కనిపించాను. నన్ను గుర్తుపట్టాడు, తల కూడా ఊపాడు. కుర్చీ తెమ్మని ఎవరితోనూ అనలేదు. బెత్తం ఎత్తి నా వైపు చూపించాడు.

'హీ స్టాండ్స్' అన్నాడు. ఎస్ స్పష్టంగా పలికింది.

తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. పాఠం బాగా సాగుతోందని నివేదిక రాశాను, అది అబద్ధం కాదు. రోజూ జరిగేదాన్ని చెప్పే కాలం అది, అక్కడ రోజూ జరిగేది అదే. భాషకు పెట్టిన పరీక్షలో ఎవరు ఎవరి ముందు కూర్చోవాలన్నది కూడా కలిపేస్తే, నేర్చుకునేవాడు భాషనూ నేర్చుకుంటాడు, రెండోదాన్నీ మరింత గట్టిగా నేర్చుకుంటాడు. ఆ తర్వాత నేను తనిఖీ అధికారిని అయ్యాను, చాలా ఏళ్లు ఆ పని చేశాను. ఏ బడికి వెళ్లినా ముందు గదిలో కుర్చీలు ఎక్కడ ఉన్నాయో, వాటిలో ఎవరు కూర్చున్నారో చూసేవాణ్ణి. ఆ తర్వాతే పిల్లల పుస్తకాలు అడిగేవాణ్ణి. చాలా బడుల్లో పుస్తకాలు అడిగే అవసరం రాలేదు.